దీర్ఘకాలిక వ్యాధి ఉన్నవారికి థెరపిస్టు చేయగలిగిన సాయం ఏమిటి?

ప్రశ్న:
నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నట్టు రెండేళ్ల క్రితం తేలింది. మందులతో వాపులు చాలావరకు అదుపులోకి వచ్చాయి గానీ, పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా కష్టమవుతోంది. ఎంతో ఇష్టపడి చేసిన ఉపాధ్యాయ వృత్తిని ఈ మధ్యే వదులుకున్నాను. ఇప్పుడు మా డాక్టరుగారు థెరపిస్టును కలవమంటున్నారు. నా నొప్పి నేను ఊహించుకున్నదని ఆయన భావిస్తున్నారేమోనని బాధగా ఉంది. కీళ్ల జబ్బుకు మాటలతో ఒరిగేదేమిటి?

మొదటి జవాబు (క్లినికల్ సైకాలజిస్టు):
మీ నొప్పి నిజమైనదే. మాలో ఎవరైనా దాన్ని శంకిస్తే అక్కడికి మళ్లీ వెళ్లకండి. 1982లో మైఖేల్ బరీ అనే సామాజిక శాస్త్రవేత్త మీ వ్యాధే ఉన్నవారితో మాట్లాడి, ఇలాంటి జబ్బు శరీరంతో ఆగదనీ, మనిషి తన జీవితం గురించి వేసుకున్న అంచనాలన్నిటినీ తలకిందులు చేస్తుందనీ రాశారు. మీరు పోగొట్టుకున్నది జీతం ఒక్కటే కాదు, తరగతి గదిలో మీకున్న స్థానం కూడా. దానికి దుఃఖపడటం మానసిక రోగం కాదు.

అయితే ఆ దుఃఖం డిప్రెషన్‌గా మారిందా లేదా అన్నది జాగ్రత్తగా తేల్చవలసిన విషయం. అలసట, నిద్రలేమి, ఆకలి మందగించడం మీ కీళ్ల జబ్బులోనూ డిప్రెషన్‌లోనూ కనిపిస్తాయి. డిప్రెషన్‌ను అంచనా వేయడానికి విరివిగా వాడే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలోని 9 ప్రశ్నల్లో ఈ మూడింటి గురించీ అడుగుతారు కాబట్టి, మొత్తం మార్కులు చూసి మాత్రమే నిర్ణయానికి రావడం సరికాదు. శారీరక వ్యాధి ఉన్నవారి విషయంలో ఈ చిక్కు ఉంటుందనే 1983లో వచ్చిన హాడ్స్ (ఆసుపత్రికి వచ్చే రోగుల్లో ఆందోళన, డిప్రెషన్‌లను అంచనా వేసేది) ప్రశ్నావళి శరీర లక్షణాలను వీలైనంతవరకు పక్కన పెట్టి, ఇదివరకు ఆనందం ఇచ్చిన పనులు ఇప్పటికీ ఇస్తున్నాయా వంటి ప్రశ్నలు అడుగుతుంది. మీరు కలిసేవారికి ఈ తేడా తెలుసో లేదో మొదటి రోజే అడగండి.

రెండవ జవాబు:
నాకు లూపస్ ఉంది, అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే దీర్ఘకాలిక జబ్బు. ఒంట్లో కాస్త ఓపిక వచ్చిన రోజున మిగిలిపోయిన పనులన్నీ ఒక్కసారే ముగించి, ఆ తర్వాత వరుసగా మంచం పట్టడం నాకు అలవాటుగా ఉండేది. మా థెరపిస్టు నాచేత ఏ పని ఎంతసేపు చేశానో, మర్నాడు ఎలా ఉందో రాయించి, బాగున్న రోజున కూడా అలసట రాకముందే ఆగేలా నేర్పించారు. వంటలో కూరలు తరగడం ఒక విడత, పొయ్యి దగ్గర నిలబడటం మరో విడత, మధ్యలో తప్పనిసరిగా కూర్చోవడం. వినడానికి చిన్న విషయమే గానీ, ఓపిక ఉండగా ఆగడమంత కష్టం మరొకటి లేదు, ముఖ్యంగా ఇంట్లోవాళ్లు "ఇవాళ బాగానే ఉన్నావుగా" అంటున్నప్పుడు. ఆ మాటకు ఏమని బదులివ్వాలో కూడా అక్కడే సాధన చేశాను. ఆమె నన్ను ఒక్కసారి కూడా ధైర్యంగా ఉండమని ఉపదేశించలేదు, అందుకే వెళ్లగలిగాను.

మూడవ జవాబు:
మందులు మానేయమనే థెరపిస్టును వెంటనే వదిలేయండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం తదుపరి సెషన్ దాకా ఆగకుండా డాక్టరుకు ఆ రోజే చెప్పండి.

అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. అంతటి ఆలోచనలు లేవు. మళ్లీ పాఠం చెప్పగలనా అన్నదే నన్ను తొలుస్తోంది. దాన్ని అక్కడ అడగవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
తప్పకుండా. పాఠం చెప్పడంలో మీకు ఏది ప్రాణమో, పిల్లలతో మాట్లాడటమా, విషయాన్ని విడమరచడమా, మీరూ థెరపిస్టూ కలిసి వెతకవలసిన సంగతే అది. నల్లబల్ల మీద రాయలేకపోయినా అందులో ఎంత మిగులుతుందో అప్పుడు చూడవచ్చు. పొద్దున బిగుతు ఎక్కువంటున్నారు కనుక సెషన్ మధ్యాహ్నం ఇవ్వమనండి, మధ్యలో లేచి నడవవలసి వస్తుందని కూడా ముందే చెప్పండి.