‘తూటా దట్టించాడు’ అనవచ్చా?

ప్రశ్న:

మొదటి ప్రపంచ యుద్ధం నాటి కథ ఒకటి అనువాదం చేస్తున్నాను. 1915లో కందకంలో ఉన్న సిపాయి రైఫిల్‌ని మళ్ళీ సిద్ధం చేసుకునే చోట ‘గబగబా తూటాలు దట్టించాడు’ అని రాశాను. చదివిన మిత్రుడు ‘దట్టించేది మందును, తూటాను కాదు’ అన్నారు. దట్టించు అంటే అదిమి కూరడమే కదా, తూటాకు ఎందుకు నప్పదు? తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం:

మీ కథ 1857లో జరిగి ఉంటే ఆ వాక్యం అక్షరం మార్చక్కర్లేదండి. 1915లో మాత్రం తప్పే. మీ మిత్రుడు చెప్పింది సగమే నిజం. ఎందుకంటారా, కాసేపు నిఘంటువు పక్కన పెట్టి సిపాయి చేతులు చూద్దాం.

‘మందుగుండు’ అని మనం ఒక్క మాటగా అనేస్తాం గానీ అవి రెండు వస్తువులు. సురేకారం, గంధకం, బొగ్గు కలిపి నూరిన నల్లమందు ఒకటి, సీసపు గుండు ఇంకొకటి. ఆ రెండూ తుపాకి మూతిలోంచే లోపలికి వెళ్ళాలి. ముందు మందు, దాని మీద గుండు, ఆ తర్వాత పొడవాటి ఇనుప కడ్డీతో అడుగుదాకా దిగగొట్టాలి. ఆ దిగగొట్టడమే దట్టించడం. సరిగ్గా దట్టించకపోతే గుండుకు, మందుకు మధ్య ఖాళీ మిగులుతుంది, గొట్టమే పగలొచ్చు. ‘దట్టం’లో ఉన్న చిక్కదనం ఈ క్రియలోనూ ఉంది. సమాసంలో మందు ముందుండి గుండు వెనకుండటం కూడా చేతులు చేసే పని వరసలోనే ఉంది, చూశారా!

మరి తూటా ఎక్కడిది? మందును, గుండును విడివిడిగా మోసుకుంటూ యుద్ధంలో కొలిచి పోసుకోవడం కష్టం. అందుకని ఒక గుండు, దానికి సరిపడా మందు కలిపి కాగితంలో చుట్టి పొట్లం కట్టారు. ఆ పొట్లమే తూటా. హిందుస్తానీలోంచి వచ్చింది, ‘తోటా’ అని కూడా అంటాం. తమిళంలో, కన్నడంలో కూడా ఇదే మాట ఉంది. అంటే తూటా వచ్చాక కూడా దట్టించడం పోలేదు. అందుకే మీ మిత్రుడిది సగం నిజమన్నాను.

కంపెనీ సైన్యానికి వచ్చిన 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌నే తీసుకోండి. గొట్టం 39 అంగుళాలు, లోపల గుండును తిప్పుతూ పంపే మూడు మెలి గాళ్ళు, అంటే గాడులు. సిపాయి నడుము సంచిలోంచి తూటా తీసి, పొట్లం కొసను పళ్ళతో కొరికి, మందును గొట్టంలో పోసేవాడు. పొట్లాన్ని తిరగేసి గుండు ఉన్న కొసను మూతిలో పెట్టి, పైకి మిగిలిన కాగితం చింపేసి, కడ్డీ లాగి దట్టించేవాడు. తర్వాత సుత్తి కింద, దాని దెబ్బకు నిప్పు రాజేసే చిన్న రాగి కేపు తొడిగి, గురి చూసి కాల్చేవాడు. పది పన్నెండు తూటాలు కొరికేసరికి పెదాలు నల్లబడేవి, నోట్లో చేరిన సురేకారానికి నాలుక పిడచకట్టుకుపోయేది. ఆ కాగితానికి గుండు దగ్గర పూసిన కొవ్వు ఏ జంతువుదన్న అనుమానమే 1857లో అంటుకుంది. ఏప్రిల్ 24న మీరట్‌లో 85 మంది అశ్వికులు తూటాలు తీసుకోబోమన్నారు. మే 9న వాళ్ళకు సంకెళ్ళు వేశారు, 10న మీరట్ తిరగబడింది. పళ్ళతో కొరకక్కర్లేదు, చేత్తో చింపితే చాలని కవాతు పద్ధతి మార్చినా ఎవరూ నమ్మే స్థితిలో లేరు. ఆ తూటాల గురించి మనం చరిత్ర పాఠంలో చదువుతూ లోహపు తూటాను ఊహించుకుంటాం. లోహపు తూటాను కొరకడమేమిటని చిన్నప్పుడు నాకు అర్థమయ్యేదే కాదు. కాగితపు పొట్లమని తెలిశాకే ఆ కోపం, ఆ భయం నాకు కళ్ళకు కట్టాయి.

దట్టించడం ఎంత గడ్డు పనో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. 1863లో అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ పోరు ముగిశాక మైదానంలో ఏరిన తుపాకులు 27 వేల పైచిలుకు. వాటిలో సుమారు 24 వేలు దట్టించినవి దట్టించినట్టే ఉన్నాయి. చాలావాటిలో ఒకదాని మీద ఒకటి రెండు మూడు తూటాలు, ఒకదాంట్లో ఏకంగా 23! ఆ మోతలో, పొగలో తన తుపాకి పేలిందో లేదో కూడా తెలియక చేతులు అలవాటు కొద్దీ దట్టిస్తూనే ఉన్నాయన్నమాట. ఆ కుర్రవాళ్ళను తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

1866లో బ్రిటిష్‌వాళ్ళు అవే ఎన్‌ఫీల్డ్‌లకు వెనకవైపు తలుపు కోసి స్నైడర్ పద్ధతిలోకి మార్చారు. మూతితో పని తీరిపోయింది, కడ్డీతో దట్టించే అవసరం తప్పింది. అదే ఏడు జూలై 3న కోనిగ్‌గ్రాట్జ్ దగ్గర ప్రష్యా సైనికులు వెనకనుంచి నింపే తుపాకులతో నేల మీద పడుకునే కాల్చారు. ఆస్ట్రియావాళ్ళు దట్టించుకోవడానికి నిలబడక తప్పలేదు. ఇంచుమించు అక్కడినుంచి మన భాషలో కూడా క్రియ మారాలి. మీ సిపాయి చేతిలో ఉన్నది లీ-ఎన్‌ఫీల్డ్ అయితే, అంటే మనవాళ్ళు త్రీనాట్‌త్రీ అనేది, అందులో తూటాలు ‘ఎక్కిస్తాడు’, లేదా ‘నింపుతాడు’. అయిదేసి తూటాలున్న క్లిప్పును పైనుంచి పెట్టి బొటనవేలితో లోపలికి నొక్కడమే. అలా రెండు క్లిప్పులు, మొత్తం పది. అక్కడ ‘దట్టించాడు’ అంటే తెలిసిన పాఠకుడికి కడ్డీ కనిపిస్తుంది.

ఇంకో సభ్యురాలు:

చాలా బాగుందండీ. ఒక అనుమానం. పత్రికల్లో ‘ఘటనా స్థలంలో ఖాళీ తూటాలు దొరికాయి’ అంటారు, అదే వార్తలో ‘శరీరంలోంచి రెండు తూటాలు తీశారు’ అంటారు. రెండూ ఎలా?

సమాధానం:

మంచి చోట పట్టుకున్నారు. మొదటిది పేలాక మిగిలిన లోహపు తొడుగు, రెండోది గుండు. తూటా అంటే మొత్తం పొట్లమని మరిచిపోయి, ఒకసారి తొడుగును, ఒకసారి దూసుకెళ్ళే ముక్కను అదే పేరుతో పిలుస్తున్నాం. గుండు గుండ్రంగా లేకుండా పోయాక ఆ మాట వాడటానికి మనసొప్పలేదేమో. నాకైతే ‘గుండు’ను వదులుకోవడం ఇష్టం లేదు. ఎన్‌ఫీల్డ్ నాటికే గుండు కోలగా మారింది, అయినా మాట నిలిచింది.

అన్నట్టు, ‘తుపాకి ఎక్కుపెట్టాడు’ అంటాం కదా, అది ఇంకా పాత జ్ఞాపకం. ఎక్కుపెట్టేది వింటిని. నారి బిగించిన చేతులకే తర్వాత తురకల మాటగా ‘తుపాకి’ వచ్చింది, క్రియ మాత్రం విల్లుదే ఉండిపోయింది. ఇది ఎవరికీ తప్పుగా వినిపించదు, వాడుకోండి.

‘మందు’ గురించి కూడా ఒక్క మాట. కన్నడంలో మద్దు, తమిళంలో మరుందు, హిందుస్తానీలో దారు, అన్నిటికీ ఔషధమనీ తుపాకిమందనీ రెండర్థాలున్నాయి. చైనావాళ్ళ ‘హువోయావో’ అంటే కూడా నిప్పుమందే.

ప్రశ్న అడిగినవారు:

ధన్యవాదాలండీ. వాక్యం ఇలా మార్చాను, చూడండి: ‘బోల్టు వెనక్కి లాగి, రెండు క్లిప్పులు ఒకదాని వెంట ఒకటి బొటనవేలితో నొక్కి పది తూటాలూ ఎక్కించాడు. బోల్టు ముందుకు తోసి, తుపాకి మడమను భుజానికి ఆనించుకున్నాడు.’

సమాధానం:

ఇప్పుడు ఆ సిపాయి కనిపిస్తున్నాడు.