ఎక్స్‌బార్ చార్టులో సగం చుక్కలు గీతల బయటే, ఎవరైనా చెప్పండి ప్లీజ్

పర్లాకిమిడి ప్యాకింగ్:
పొద్దున్నుంచి ఈ ఎక్సెల్ ముందే కూర్చున్నాను, ఏం చేసినా తేలట్లేదు. మాది జీడిపప్పు యూనిట్, 500 గ్రాముల ప్యాకెట్లు. గంటగంటకీ కొన్ని తూచి, వాటి సగటు ఎక్స్‌బార్ చార్టులో, రేంజ్ (వాటిలో అన్నిటికంటే ఎక్కువ, తక్కువ బరువుల తేడా) రేంజ్ చార్టులో పెడుతున్నాం. మొత్తం సగటు 501.2, రేంజ్ సగటు 4. లెక్కకట్టి పై, కింది హద్దు గీతలు గీస్తే సగం చుక్కలు బయటే! రేంజ్ చార్టు మాత్రం శుభ్రంగా ఉంది. సోమవారం బరంపురం నుంచి ఆడిట్‌కి వస్తున్నారు, చాలా టెన్షన్‌గా ఉంది. ఫార్ములా తప్పా?

గేజ్ బాబాయి:
ఒక్కోసారి ఎన్ని ప్యాకెట్లు తూస్తారు? అది లేకుండా ఏం చెప్పాలి.

పర్లాకిమిడి ప్యాకింగ్:
5 అండి.

గేజ్ బాబాయి:
గీతల లెక్కకి పట్టికలో ఇచ్చే గుణకం ఏ2, 5 ప్యాకెట్లకి అది 0.577. మీ రేంజ్ సగటు 4తో గుణిస్తే 2.3. 501.2కి అది కలిపితే పైగీత 503.5, తీసేస్తే కిందిగీత 498.9. అవేనా మీవి? అవే అయితే ఫార్ములా సరే.

రాయగడ మాస్టారు:
ముందు చట్టం చూసుకోవాలండి, ఎవరూ చూడరు. 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్‌లో 500 గ్రాముల ప్యాకెట్టుకి 3 శాతం, అంటే 15 గ్రాముల దాకా తేడా ఒప్పుకుంటారు. మీ గీతలు 485, 515 దగ్గర పెట్టేయండి, అన్నీ లోపలికొస్తాయి.

గేజ్ బాబాయి:
దయచేసి అలా చేయకండి. 485 ఒక్కో ప్యాకెట్టుకి చట్టం పెట్టిన హద్దు. చార్టు గీతలు మెషీన్ మామూలుగా ఎంత ఊగుతుందో దాన్నుంచి వస్తాయి, 1924లో ఈ చార్టులు కనిపెట్టిన షూహార్ట్ మొదటిది గీసినప్పటి నుంచీ అంతే. పైగా ఐదింటి సగటు విడి ప్యాకెట్టంత ఊగదు, ఆ హద్దు దీనిమీద గీస్తే మెషీన్ ఎంత జారినా తెలియదు.

రాయగడ మాస్టారు:
బయట పడితే అవుట్ ఆఫ్ కంట్రోల్ అంటారు కదా, అంటే సరుకు చెడినట్టేగా?

గేజ్ బాబాయి:
కాదు. సరుకు బాగానే ఉండొచ్చు. ఏదో మారింది, కారణం వెతకమని చార్టు చెప్తోంది, అంతే.

గునుపూర్ మెయింటెనెన్స్:
రేంజ్ కుదురుగా ఉండి సగటు దూకుతోందంటే... మెషీన్లు ఎన్ని?

పర్లాకిమిడి ప్యాకింగ్:
రెండు. ఒకదానిమీద గుండు, ఇంకోదానిమీద బద్ద. ఒక గంట దీన్లోంచి 5, తర్వాతి గంట దాన్లోంచి 5 తీస్తాం. చార్టు ఒకటే.

గునుపూర్ మెయింటెనెన్స్:
అదే మీ సమస్య. ఐదూ ఒకే మెషీన్‌వి కాబట్టి రేంజ్‌కి ఆ మెషీన్ లోపలి తేడానే తెలుస్తుంది, రెండింటి మధ్య తేడా అందులోకి రాదు. గీతలు ఇరుగ్గా వస్తాయి, గుండు చుక్కలు పైకి, బద్దవి కిందికి పోతాయి లేదా తిరగేసి. దేనిది దానికి వేరే చార్టు వేయండి, తక్కువ నింపుతున్న మెషీన్‌ని ముందు సరిచేయండి. సగటు 500కి తగ్గితే అసలు చిక్కు అక్కడే.

గేజ్ బాబాయి:
విడదీశాక వరుసగా 8 చుక్కలు నడిగీతకి (సగటు గీతకి) ఒకే పక్కన పడుతున్నాయేమో కూడా చూడండి, అదీ ఏదో మారిందనే గుర్తు.

రాయగడ మాస్టారు:
8 కాదు, 9.

గేజ్ బాబాయి:
వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ వాళ్ల నియమం 8, గణాంక నిపుణుడు నెల్సన్ 1984లో చెప్పింది 9. ఏదో ఒకటి పట్టుకుని దాన్నే వాడండి.

పర్లాకిమిడి ప్యాకింగ్:
విడదీశాను, బద్దది సగటు 498.6, చుక్కలన్నీ దాని కొత్త గీతల్లోపలే. థాంక్సండి. గుండు దాంట్లో శనివారం మధ్యాహ్నం చుక్క ఒక్కటి ఇంకా బయటే ఉంది, దాన్ని తీసేసి గీతలు మళ్లీ లెక్కకట్టొచ్చా?