మూలం 2, కుడివైపు కూడా 2^న: న తో ఎన్నిసార్లు గుణించాలి?

ప్రశ్న:
అ(న) − 4అ(న−1) + 4అ(న−2) = 2^న. తొలి విలువలు అ(0) = 1, అ(1) = 4.

లాక్షణిక సమీకరణం (కుడివైపు 0 ఉంచి అ(న) = ర^న పెడితే వచ్చేది) (ర−2)² = 0, అంటే 2 రెండుసార్లు వచ్చే మూలం. ప్రత్యేక సాధన (మొత్తం సమీకరణాన్ని తీర్చే ఏదో ఒక సాధన) కోసం క·2^న పెడితే ఎడమవైపంతా కొట్టేసుకుపోయి 0 = 2^న మిగులుతోంది. క·న·2^న పెట్టినా అదే గతి. అవకలన సమీకరణాల్లో య″ − 4య′ + 4య = ఈ^(2ట) దగ్గరా ఇదే చిక్కు. న తో ఎన్నిసార్లు గుణించాలి, ఎందుకు?

ఇంకోటి: పూరక భాగంలోనే (కుడివైపు 0 అయినప్పటి సాధన, (ప + బ·న)·2^న) తొలి విలువలు వేసి స్థిరాంకాలు కట్టేస్తే, చివర్లో అ(1) విలువ 4 బదులు 5 వస్తోంది. తప్పెక్కడ?

జవాబు 1:
రెండుసార్లండి. ఆ మూలం ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు.

అ(న) = క·న²·2^న పెట్టండి. 4·2^(న−1) అంటే 2·2^న, 4·2^(న−2) అంటే 2^న. 2^న ని రెండువైపులా తీసేస్తే

క[న² − 2(న−1)² + (న−2)²] = 1

న² పదాలు పోతాయి, +4న, −4న కూడా పోతాయి. మిగిలేది −2 + 4 = 2. కాబట్టి క = 1/2.

సాధారణ సాధన: అ(న) = (ప + బ·న + న²/2)·2^న. తొలి విలువలు వేయాల్సింది ఇక్కడ, అంతకుముందు కాదు. న = 0 తో ప = 1. న = 1 తో 2(1 + బ + 1/2) = 4, బ = 1/2. అంటే

అ(న) = (న² + న + 2)·2^(న−1)

సరిచూడండి: సమీకరణం నుంచి అ(2) = 16 − 4 + 4 = 16, అ(3) = 64 − 16 + 8 = 56. సూత్రం నుంచి 8·2 = 16, 14·4 = 56.

మీరు ముందే వేసేసరికి బ = 1 అయింది. తర్వాత న²/2 చేరి న = 1 దగ్గర 2·(1/2) = 1 అదనంగా వచ్చింది. న = 0 దగ్గర న² సున్నా కాబట్టి అ(0) మాత్రం సరిగ్గానే కనిపిస్తుంది. అదొక్కటే చూసి వదిలేస్తే ఈ తప్పు దొరకదు.

జవాబు 2:
ఎందుకు అన్నదానికి: ఒక పదం ముందుకు జరిపే ఆపరేటర్‌ని షి అందాం, షి అ(న) = అ(న+1). గ(న) ఏదైనా బహుపది అయితే

(షి−2)[గ(న)·2^న] = 2^(న+1)·[గ(న+1) − గ(న)]

అసలు కీలకం ఈ ఒక్క వరుసే. (షి−2) తగిలిన ప్రతిసారీ గ పరిమాణం ఒకటి తగ్గుతుంది. మన సమీకరణంలో అది రెండుసార్లు తగులుతుంది కాబట్టి స్థిరాంకం, న రెండూ సున్నా అయిపోతాయి. న² నుంచి మాత్రం ఒక స్థిరాంకం బతుకుతుంది. కుడివైపు 2^న రావాలంటే కావలసింది అదే.

అవకలనంలో, ట తో అవకలనం చేయడాన్ని డి అంటే, (డి−2)[గ(ట)·ఈ^(2ట)] = గ′(ట)·ఈ^(2ట). తేడా ఉన్నచోట అవకలజం, అంతే. ట² ని రెండుసార్లు అవకలనం చేస్తే 2, కాబట్టి ప్రత్యేక సాధన (ట²/2)·ఈ^(2ట).

ప్రశ్న అడిగినవారు:
అర్థమైందండి. మరోచోట అ(న+2) − 4అ(న+1) + 4అ(న) = 2^న కి ప్రత్యేక సాధన న(న−1)·2^(న−3) అని ఉంది. ఇక్కడ 1/2 ఏమైంది?

జవాబు 3:
అది వేరే సమీకరణం. మీ మొదటి దానిలో న బదులు న+2 రాస్తే కుడివైపు 2^(న+2), అంటే 4·2^న అవుతుంది. ఇక్కడ ఉన్నది 2^న మాత్రమే. అందుకే క నాలుగోవంతుకు తగ్గి 1/8 అయింది. ఇక న² బదులు న(న−1) ఉండటం తప్పేమీ కాదు: తేడా −న·2^న/8, అది పూరక భాగంలో ఉన్న పదమే, బ లో కలిసిపోతుంది. తొలి విలువలు వేశాక రెండు దారుల్లోనూ ఒకటే జవాబు.

చేయి జారే చోటు ఇంకొకటి ఉంది. మొదటి సమీకరణంలోనే కుడివైపు న·2^న ఉంటే చాలామంది క·న³·2^న ఒక్కటే పెడతారు. అప్పుడు క(6న − 6) = న వస్తుంది, ఏ క కీ కుదరదు. న²(క·న + చ)·2^న పెట్టాలి: 6క = 1, −6క + 2చ = 0, కాబట్టి క = 1/6, చ = 1/2.

కుడివైపు 3^న అయితే ఈ గొడవే లేదు. 3 మూలం కాదు, క·3^న చాలు: క(1 − 4/3 + 4/9) = 1, క = 9.