పదో తరగతికి గేమ్స్ పీరియడ్ ఎత్తేయడం కరెక్టేనా?

హంటర్‌రోడ్_నాన్న:
మా పాప హనుమకొండలో ఓ ప్రైవేటు బడిలో పదో తరగతి. దసరా సెలవులయ్యాక బడి తెరిచిన రోజే డైరీలో రాసి పంపారు: ఇకనుంచి గేమ్స్ పీరియడ్ ఉండదు, ఆ టైంలో మ్యాథ్స్ స్లిప్ టెస్టు. పొద్దున ఏడున్నరకు వ్యాన్ ఎక్కితే ఇంటికొచ్చేసరికి రాత్రి ఏడు. రాగానే బూట్లు కూడా విప్పకుండా సోఫాలో పడిపోతోంది. ఏమైంది బిడ్డా అంటే "ఏం కాలే". ఇదివరకు ఖోఖో ఉన్న రోజు మోకాళ్లకు మట్టితో వచ్చి, ఎవరిని ఔట్ చేసిందో అన్నం తింటున్నంతసేపూ చెప్పేది. మీరేమంటారు?

కాజీపేట_జంక్షన్:
అన్నా, మార్చిలో పబ్లిక్ పరీక్షలు. నాలుగైదు నెలలు ఆడకపోతే ఏమైపోతుంది? మా వాడు గ్రౌండ్‌కు పంపినా ఆడింది లేదు, చెట్టు కింద కూచుని ముచ్చట్లు. రేపు మార్కులు తగ్గితే ఆ టెన్షన్ ఖోఖో తీరుస్తుందా?

ములుగు_పీఈటీ:
ఇరవై ఏళ్లుగా మెడలో ఈల వేసుకుని తిరుగుతున్నవాణ్ని, చెప్పనివ్వండి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు కాస్త ఆయాసం వచ్చేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మన దగ్గర వారానికి రెండు పీరియడ్లు ఉంటేనే గొప్ప. 11-17 ఏళ్లవాళ్లలో 81 శాతం మందికి ఆ గంట దక్కడం లేదని ఆ సంస్థ పరిశోధకులే 2019లో లెక్క తేల్చారు. ఆడపిల్లల్లో అయితే 85 శాతం. పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెస్తే మా బడిలో అందరం చప్పట్లు కొట్టాం. మర్నాడు ట్రాక్ గీయడానికి సున్నం అడిగితే బడ్జెట్ లేదన్నారు.

కాజీపేట_జంక్షన్:
లెక్కలు సరే సార్. సంతోషంగా ఉన్న పిల్లలే ఆడతారేమో? ఆడినందుకే సంతోషం వచ్చిందని ఎట్లా చెప్తారు?

పరకాల_సైన్స్_మేడం:
మంచి ప్రశ్న. బ్రిటన్‌లో 4,257 మంది పిల్లలకు 12, 14, 16 ఏళ్లప్పుడు కదలికను కొలిచే పరికరం కట్టారు. 18 ఏళ్లకు వాళ్లలో కుంగుబాటు లక్షణాలు ఎంతున్నాయో చూశారు. 12 ఏళ్లప్పుడు రోజూ ఇంకో గంట తేలిగ్గా కదిలినవాళ్లలో, అంటే నడక, ఇంటిపని లాంటివి, ఆ స్కోరు దాదాపు 10 శాతం తక్కువ. 2020లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చింది. కదలికను ముందు కొలిచారు, మనసు సంగతి తర్వాత చూశారు కాబట్టి మీ అనుమానం కొంత తగ్గాలి. పూర్తిగా పోదు.

నర్సంపేట_అక్క:
ఇంటిపని కూడా లెక్కే అంటే నవ్వొచ్చింది మేడం. బోరింగు నుంచి బిందెలు మోసీ మోసీ నడుము పోయింది కానీ ఏనాడూ సంతోషం రాలేదు. అలాగని గేమ్స్ పీరియడ్ ఇష్టమా అంటే అదీ లేదు, భయం. కబడ్డీకి ఇద్దరు కెప్టెన్లు మనుషుల్ని పంచుకుంటుంటే చివరికి మిగిలేది నేనే. "ఆమెను మీరే తీసుకోండి" అని నా ముందే బేరం. నెలసరి రోజుల్లో సార్‌కు చెప్పలేక జ్వరమని అబద్ధం. ఆటలు ఉండాల్సిందే, కాదనను. కానీ టీములు టీచరే వేయాలి, కబడ్డీ వద్దన్న పిల్లకు తాడాటో నడకో ఉండాలి. లేకపోతే కొందరికి స్లిప్ టెస్టే నయం అనిపిస్తుంది.

ములుగు_పీఈటీ:
ఆ తప్పు మాదే అక్కా. పంచుకోండి అని చెప్పి కుర్చీలో కూచునేది మేమే. ఈ ఏడాది నుంచి చిట్టీలు వేస్తున్నా.

హంటర్‌రోడ్_నాన్న:
బడికి వెళ్లి అడిగాను. "మీ ఒక్కరి కోసం టైంటేబుల్ మార్చలేం సార్" అన్నారు. అందుకే ఆదివారం పొద్దున పాపను ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు తీసుకుపోతున్నా. మొదటి వారం గట్టు మీద ఫోన్ చూస్తూ కూచుంది. మొన్న పక్కన పిల్లలకు ఖోఖోకు ఒకరు తక్కువై పిలిస్తే లేచి వెళ్లింది. కాజీపేట అన్నా, ఈ వారం ఎనిమిది మందే వస్తున్నారట. మీ వాణ్ని పంపుతారా?

కాజీపేట_జంక్షన్:
సోమవారం స్లిప్ టెస్టు లేకపోతే చూద్దాం.