ఎన్‌ఎల్‌పీ సెమినార్లు: ముందు పేపరా, తెలుగు టెక్స్టా?

నాగావళి: విజయనగరం, శ్రీకాకుళం ఇంజినీరింగ్ పిల్లలకి ఎనిమిది శనివారాలు, గంటన్నర చొప్పున, కంప్యూటర్‌కి మనుషుల భాష నేర్పే ఎన్‌ఎల్‌పీ సెమినార్లు అనుకుంటున్నాం. మొదటి రోజే నేటి భాషా మోడళ్ళకి పునాదైన 2017 నాటి ట్రాన్స్‌ఫార్మర్ పేపర్ పట్టుకోవాలా, తెలుగు టెక్స్ట్‌తో మొదలెట్టాలా?

కోటజంక్షన్: పేపరే. మూడు పదాల వాక్యానికి క్వెరీ, కీ, వేల్యూ (ఏ పదం ఏ పదాన్ని ఎంత పట్టించుకోవాలో తేల్చే మూడు సంఖ్యల వరసలు) బోర్డు మీద చేత్తో లెక్క కట్టించండి. స్కోర్లని డీకే (ఒక్కో కీ వరసలో ఎన్ని సంఖ్యలుంటాయో ఆ లెక్క) వర్గమూలంతో ఎందుకు భాగిస్తారో అక్కడే తెలుస్తుంది: భాగించకపోతే, స్కోర్లని వాటాలుగా మార్చే సాఫ్ట్‌మాక్స్ ఒకే పదం వైపు ఒరిగిపోయి గ్రేడియంట్లు (మోడల్ నేర్చుకోడానికి దారి చూపే విలువలు) దాదాపు సున్నా అవుతాయి. టెక్స్ట్ శుభ్రం చెయ్యడం ఇంట్లో చేసుకునే పని.

వంశధార: ఆ మూడు పదాలు మోడల్‌కి మూడుగా వెళ్తాయా అండీ? చిక్కంతా అక్కడే. "శ్రీకాకుళం" కంటికి నాలుగక్షరాలు. యూనికోడ్‌లో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అంటూ 10 కోడ్‌పాయింట్లు. యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 30. అదే పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే 10 బైట్లే. తెలుగు అంతగా చూడని బైట్ బీపీఈ (తరచూ కలిసొచ్చే బైట్లని కలిపి టోకెన్లు, అంటే మోడల్ చదివే ముక్కలు, చేసే పద్ధతి) అయితే అక్షరాన్ని నడిమికి విరిచేస్తుంది. 512 టోకెన్ల హద్దున్న మోడల్‌లో ట్రంకేషన్ (హద్దు దాటినదాన్ని కోసెయ్యడం) ఆన్ చేసి ఉంటే పేరా సగంలో తెగుతుంది, ఎర్రర్ కూడా రాదు. పిల్లలేమో మోడల్‌ని తిట్టుకుంటారు.

మొదటి వారం చేయించాల్సింది: తెలుగు వికీపీడియా మీద, మాటల్ని టోకెన్లుగా విడగొట్టే టూల్ సెంటెన్స్‌పీస్‌తో 8,000, 32,000 టోకెన్ల సైజుల్లో, ఏ ముక్క వచ్చే అవకాశం ఎంతో చూసి విడగొట్టే రెండు యూనిగ్రామ్ మోడళ్ళు ట్రెయిన్ చేసి, పక్కన పెట్టిన ఒకే 1,000 వాక్యాల మీద పదానికి సగటున ఎన్ని టోకెన్లో చూడాలి. జీపీయూ అక్కర్లేదు. ముందు ఎన్‌ఎఫ్‌సీ (ఒకే గుర్తుకి వేర్వేరు కోడ్‌లుంటే ఒకే రూపానికి తేవడం) చెయ్యాలి. ఐత్వం ఒక కోడ్‌గానూ రెండు కోడ్‌లుగానూ వస్తుంది మరి. "సెమినార్‌లో" వంటి మాటల్లో ర్ తర్వాత కనబడకుండా దాక్కుని అక్షరాలని కలవనివ్వని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ని ఎన్‌ఎఫ్‌సీ ముట్టుకోదు. దాన్ని ఉంచుతారో తీసేస్తారో, ఏదో ఒకటి అన్ని ఫైళ్ళకీ చెయ్యండి.

ఎచ్చెర్ల_రోడ్డు: మోడల్ ఎంత బాగా చేసిందో కొలిచే సంగతి ఎవరూ ఎత్తలేదు. మాట విని రాసే మోడల్‌నే చూడండి. మన వైపు "ఒచ్చీసినాడు" అంటారు, రిఫరెన్స్‌లో (పోల్చి చూసే సరైన రాతలో) "వచ్చేశాడు" ఉంటుంది. నాలుగు మాటల వాక్యమైతే ఆ ఒక్కదానికే వర్డ్ ఎర్రర్ రేటు (తప్పుపోయిన మాటల వాటా) 25 శాతం. స్పీచ్ డేటాలో విన్నది ఒక కాలమ్, రాతలోది ఇంకో కాలమ్ పెట్టాలి. అనువాదానికి బ్లూ (మాటల గుంపులు పోల్చే స్కోరు) ఒక్కటే నమ్ముకోకుండా, అక్షరాల గుంపులు పోల్చే సీహెచ్‌ఆర్‌ఎఫ్ కూడా వెయ్యండి. ప్రత్యయాలన్నీ అతుక్కునే భాషకి మాట మొత్తం కలవాలంటే ఎలా?

కోటజంక్షన్: సరే, కానీ రెండు వారాలు టోకెన్లే నూరితే మూడో వారానికి బెంచీలు ఖాళీ.

వంశధార: ఒక్క వారమే అడుగుతున్నాను. రెండో వారం మీ బోర్డు లెక్కకి పదాలు కాకుండా ఆ టోకెన్లే తీసుకోండి.