న్యూజెర్సీలో డిసార్డర్లీ కాండక్ట్ కేసు: కొత్త చట్టం మా తమ్ముడికి వర్తిస్తుందా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. న్యూజెర్సీలో ఎంఎస్ చదువుతున్న మా తమ్ముడు శనివారం రాత్రి అపార్ట్‌మెంట్ పార్కింగులో జరిగిన తోపులాటలో చిక్కుకోగా, పోలీసులు డిసార్డర్లీ కాండక్ట్ (బహిరంగంగా అల్లరి, గొడవ చేయడం) కింద సమన్లు ఇచ్చారు. 2025లో చట్టం మారి ఇది పెద్ద నేరమైందని ఒకరు, ఒప్పుకొని జరిమానా కట్టేస్తే పోతుందని మరొకరు అంటున్నారు. ఏది నిజమో దయచేసి తెలుపగలరు.

సమాధానం: ముందు ఆ కాగితం మీద ఏ సెక్షన్ రాశారో చూడండి. డిసార్డర్లీ కాండక్ట్ సెక్షన్ అయిన 2సీ:33-2 మాత్రమే ఉండి, దాన్ని పెట్టీ డిసార్డర్లీ పర్సన్స్ అఫెన్స్‌గా (అతి చిన్న స్థాయి తప్పుగా) పేర్కొంటే, శిక్ష గరిష్ఠంగా 30 రోజుల జైలు, 500 డాలర్ల జరిమానా; రాష్ట్ర చట్టం దీన్ని క్రైమ్‌గా లెక్కించదు, మున్సిపల్ కోర్టులో జ్యూరీ లేకుండానే విచారిస్తారు. సముద్రతీర పట్టణాల్లోనూ ఉత్సవాల్లోనూ గుంపులు చేసిన గొడవల తర్వాత, జనాన్ని కూడగట్టి కొట్లాటకు పురికొల్పడాన్ని 2025లో ఫోర్త్ డిగ్రీ క్రైమ్ (క్రైమ్‌లలో అన్నిటికంటే కింది స్థాయి) చేశారు. దానికి 18 నెలల వరకు జైలు ఉంటుంది కానీ, తోపులాటలో ఉన్న ప్రతివారికీ అది వర్తించదు.

నాకు ఆందోళన కలిగిస్తున్నది ఒప్పుకొని జరిమానా కట్టేయమన్న రెండో సలహా. రాష్ట్రం క్రైమ్ కాదన్నంత మాత్రాన ఇమిగ్రేషన్ వారు దాన్ని పక్కన పెట్టరు. నేరం ఒప్పుకొని ఏ కొద్ది శిక్ష పడినా వారి నిర్వచనంలో అది కన్విక్షన్ (నేర నిర్ధారణ) కావచ్చు, తర్వాత రికార్డు చెరిపించుకున్నా వారి దృష్టిలో సాధారణంగా చెరగదు. వీసా కోసం నింపే డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న కూడా ఉంటుంది.

ప్రశ్న: మరి లాయరును పెట్టుకోవాలా?

సమాధానం: తప్పకుండా పెట్టుకోండి. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపివేసే ప్రమాదముందో లేదో లాయరే చెప్పాలని 2010లో పాడిల్లా కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ప్రాసిక్యూటర్ ఆరోపణను పట్టణపు శబ్ద నిబంధన ఉల్లంఘనగా తగ్గిస్తామన్నా, సంతకం పెట్టే ముందు ఆ ఒప్పందంలోని మాటలను ఇమిగ్రేషన్ లాయరుకు చూపించండి. కేసు ముగిశాక కోర్టు ముద్ర ఉన్న తుది ఉత్తర్వు ప్రతులు రెండు మూడు తీసుకోండి. వీసా స్టాంపింగ్ కోసం ఇండియా రావాలనుకుంటే, టికెట్ కొనక ముందే విశ్వవిద్యాలయంలోని విదేశీ విద్యార్థుల కార్యాలయంతో మాట్లాడమనండి.