జ్ఞానదంతం తీసేటప్పుడు ఇచ్చే సెడేషన్‌లో ఏం జరుగుతుంది?

ప్రశ్న (రాసినవారు: నిదానం)

నా కింది దవడలో ఎడమవైపు జ్ఞానదంతం అడ్డంగా ఎముకలో ఇరుక్కుని, ముందున్న పన్నును నెడుతోందని ఎక్స్‌రేలో తేలింది. చిగురు కోసి, చుట్టూ ఉన్న ఎముకను కొద్దిగా తొలిచి, పన్నును ముక్కలు చేసి తీయవలసి ఉంటుందని శస్త్రవైద్యులు చెప్పారు. పంటి దగ్గర ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌తో పాటు, కావాలనుకుంటే చేతి రక్తనాళంలోకి మందు ఎక్కించి సెడేషన్ (మగత కలిగించే మత్తు) కూడా ఇస్తామని, నిర్ణయం నాకే వదిలేశారు. వారిచ్చిన కాగితంలో పరగడుపున రావాలనీ, వెంట ఒకరు తోడు ఉండాలనీ రాసి ఉంది గాని, ఆ సమయంలో నా పరిస్థితి ఎలా ఉంటుందన్నది ఎక్కడా లేదు.

నిజం చెప్పాలంటే పన్ను తీయడం కన్నా ఈ మత్తు గురించే నాకు బెంగ ఎక్కువగా ఉంది. నేను పూర్తిగా నిద్రపోతానా, లేక చుట్టూ జరిగేదంతా తెలుస్తూనే ఉంటుందా? నొప్పి తెలుస్తున్నా కదలలేక, చెప్పలేక పడి ఉండే స్థితి వస్తుందేమోనన్న ఆలోచన రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వడం లేదు. మత్తులో ఉన్నవారు మనసులో ఉన్నదంతా బయటపెట్టేస్తారని కూడా విన్నాను. తిరిగి మామూలు మనిషిని కావడానికి ఎంతసేపు పడుతుంది? ఈ రంగంలో పనిచేసేవారు, స్వయంగా చేయించుకున్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం (రాసినవారు: దంతవైద్యుడు)

నిదానం గారూ, మీరు రెండు మందులు చేసే పనులను కలిపి చూస్తున్నందువల్లే ఈ భయం కలుగుతోందని నాకు అనిపిస్తోంది. నొప్పి తెలియకుండా చేసేది సెడేషన్ కాదు. ఆ పని పంటి దగ్గర ఇచ్చే ఇంజెక్షన్‌ది. అందులో సాధారణంగా లిడోకైన్ గాని ఆర్టికైన్ గాని ఉంటుంది. నరం పొరలోని సోడియం మార్గాలను అది మూసివేయడంతో నొప్పి సంకేతం మెదడు దాకా చేరదు. దానితో కలిపే అడ్రినలిన్ అక్కడి రక్తనాళాలను కుదించి, మందు ఎక్కువసేపు నిలిచేలా, రక్తస్రావం తగ్గేలా చేస్తుంది. ఇంజెక్షన్ ఇచ్చిన వెంటనే కొద్దిసేపు గుండె దడదడలాడినట్లు ఉంటే కారణం అదే కనుక కంగారు పడవద్దు. కింది దవడకు మందును పంటి పక్కన కాక, వెనుక నరం ఎముకలోకి ప్రవేశించే చోట ఇస్తారు. ఆ వైపు కింది పెదవి సగం మొద్దుబారిందో లేదో చూసుకున్న తర్వాతే పని మొదలుపెడతాం.

అయితే ఎంత మొద్దుబారినా ఒత్తిడి, అదురు, ఎముక తొలిచే శబ్దం తెలుస్తాయి. స్పర్శను, ఒత్తిడిని మోసే నరపు పోగులు నొప్పిని మోసే వాటికంటే లావుగా ఉండి, మందుకు అంత సులభంగా లొంగవు. ఇది ముందుగా తెలియనివారు ఆ ఒత్తిడినే నొప్పిగా భావించి బెదిరిపోతారు. సెడేషన్ ఉపయోగపడేది సరిగ్గా ఇక్కడే: అది బెదురును తీసేస్తుంది. ఇందుకు ఎక్కువగా వాడేది మిడాజోలం. దానిని ఒక్కసారిగా ఇవ్వకుండా, కొద్దికొద్దిగా ఎక్కిస్తూ, మీ మాట కాస్త మందగించి, ముఖం తేలికపడే దాకా గమనిస్తూ ఇస్తారు. ఈ స్థాయిలో మీరు మగతగా ఉంటారు గాని, పిలిస్తే పలుకుతారు, నోరు తెరవమంటే తెరుస్తారు.

మీరు అడిగిన ముఖ్యమైన విషయానికి వస్తాను. కండరాలను కదలకుండా చేసే మందులు వేరు. వాటిని జనరల్ అనస్థీషియాలో (పూర్తిగా స్పృహ లేకుండా చేసే మత్తులో), శ్వాసగొట్టం వేసే సందర్భాల్లో వాడతారు. ఈ రకం సెడేషన్‌లో వాడరు. కాబట్టి నొప్పి తెలిస్తే మీరు చేయి ఎత్తగలరు, మూలగగలరు, మేము ఆగి మరికొంత మత్తు ఇంజెక్షన్ ఇస్తాం. ఏ చేయి ఎత్తాలో ముందే మాట్లాడుకుని ఉంచుకోండి.

ఇక జ్ఞాపకం సంగతి. మందు ఎక్కిన క్షణం నుంచి జరిగేవి మెదడులో నమోదు కాకుండా మిడాజోలం అడ్డుపడుతుంది. అందువల్లే చాలామంది "నేను హాయిగా నిద్రపోయాను" అని చెబుతారు. నిజానికి వారు ఆ సమయమంతా మా మాటలకు సమాధానమిస్తూనే ఉన్నారు.

సమాధానం (రాసినవారు: తోటి రోగి)

నాకు కింది రెండు జ్ఞానదంతాలనూ సెడేషన్‌లోనే తీశారు కనుక, కుర్చీలో ఉన్నవారికి ఎలా ఉంటుందో నేను చెప్పగలను. చేతికి సూది గుచ్చినప్పుడు ఒక్క చురుకు తప్ప వేరే నొప్పి లేదు. మందు ఎక్కుతుండగా ముందుగా రెప్పలు బరువెక్కాయి, ఆ తర్వాత అప్పటిదాకా ఛాతీలో ఉన్న బిగువు సడలింది. భయపడవలసిన విషయాలన్నీ అక్కడే ఉన్నాయని తెలుస్తూనే ఉంది గాని, వాటితో నాకు సంబంధం లేనట్లు అనిపించింది. నోరు మూసుకుపోకుండా పళ్ల మధ్య రబ్బరు దిమ్మ పెట్టడం, ఎవరో నా పేరు పిలిచి గట్టిగా శ్వాస తీసుకోమనడం గుర్తున్నాయి. మిగతా సమయం ఏమైందో తెలియదు.

లేచిన తర్వాతి సంగతి ఎవరూ ముందుగా చెప్పరు కనుక కాస్త వివరంగా రాస్తున్నాను. నా నోట్లో దూది గుడ్డ బిగించి ఉంది, పెదవులు, గడ్డం నావి కానట్లు ఉన్నాయి. ఏ దుఃఖమూ లేకుండానే కన్నీళ్లు కారాయి. మత్తు దిగేటప్పుడు కొందరికి ఇలా జరుగుతుందని అక్కడి నర్సు నెమ్మదిగా చెప్పారు. పన్ను తీయడం పూర్తయిందా అని మా అక్కను అడిగిన ప్రశ్ననే మళ్లీ మళ్లీ అడిగానట. శస్త్రవైద్యులు చెప్పిన జాగ్రత్తలలో ఒక్కటి కూడా నా బుర్రకు ఎక్కలేదు. అందుకే తోడు వచ్చినవారు అవన్నీ రాసుకోవడం, మందుల చీటీ వారి చేతిలోనే ఉండడం చాలా అవసరం.

మనసులోని మాటలు బయటపడతాయేమోనన్న మీ దిగులు నాకూ ఉండేది. నోటినిండా పనిముట్లు ఉన్నప్పుడు మాట్లాడే వీలే తక్కువ. ఒకవేళ ఏదైనా అన్నా, రోజూ అలాంటి మాటలు వినే వైద్యులు వాటిని పట్టించుకోరు. ఇంటికి వెళ్లాక మాత్రం ఫోన్‌ను తోడు వచ్చినవారికి ఇచ్చేయండి. ఆ సాయంత్రం పంపే సందేశాలు మీకు తర్వాత గుర్తుండకపోవచ్చు.

సమాధానం (రాసినవారు: మత్తువైద్యురాలు)

దంతవైద్యుడు గారు చెప్పినదానికి ఒక చేర్పు అవసరం. సెడేషన్‌లో తేలిక, మధ్యస్థం, గాఢం అనే స్థాయిలు ఉన్నా, వాటి మధ్య గోడలేమీ లేవు. మోతాదు పెరిగినా, మనిషి శరీరతత్వం వేరైనా, ఒక స్థాయి నుంచి మరొక స్థాయిలోకి జారవచ్చు. ముఖ్యంగా ప్రొపొఫాల్ అనే మరో మత్తుమందుతో ఈ జారుడు చాలా త్వరగా జరుగుతుంది. కొందరు శస్త్రవైద్యులు మిడాజోలంతో పాటు ఫెంటనిల్ అనే బలమైన నొప్పి మందు కూడా ఇస్తారు. రెండూ కలిసినప్పుడు శ్వాస మందగించే ప్రమాదం విడివిడిగా ఇచ్చినప్పటి కంటే ఎక్కువ. అందుచేత మీరు ముందుగా అడగవలసినవి ఇవి: ఏ స్థాయిని ఉద్దేశిస్తున్నారు, ఏ మందులు వాడతారు, పన్ను తీస్తున్నంతసేపూ మీ శ్వాసను చూసేవారు ఎవరు. గాఢమైన సెడేషన్ అయితే, పన్ను తీసేవారు కాక, మిమ్మల్ని గమనించడమే పనిగా మరొక శిక్షణ పొందిన వ్యక్తి తప్పనిసరిగా ఉండాలని నా దృఢమైన అభిప్రాయం. అడిగినందుకు నొచ్చుకునే వైద్యులైతే మరొకరిని వెతుక్కోవడమే మంచిది.

ఈ విషయంలో నేను ఇంత పట్టుపట్టడానికి కారణం ఉంది. పని జరిగేది నోట్లో, శ్వాస వెళ్లేదీ ఆ దారిలోనే. నీరు, రక్తం, పంటి ముక్కలు గొంతులోకి జారకుండా పీల్చే గొట్టం పెట్టి, గొంతుకు అడ్డుగా గుడ్డ ఉంచుతారు. వేలికి తగిలించే పల్స్ ఆక్సిమీటర్ రక్తంలోని ఆక్సిజన్‌ను చూపిస్తుంది గాని, ముక్కు గొట్టంతో ఆక్సిజన్ ఇస్తున్నప్పుడు శ్వాస ఆగిన కొంతసేపటికి గాని అందులో అంకె పడిపోదు. బయటికి వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే కాప్నోగ్రఫీ ఆ సంగతిని వెంటనే పట్టిస్తుంది. అది ఉందో లేదో అడగండి. వేలి గోరుకు రంగు ఉంటే తీసేసి వెళ్లండి.

పరగడుపు నియమాన్ని తేలికగా తీసుకోవద్దు. మత్తులో దగ్గు, మింగుడు వంటి రక్షణలు మందగిస్తాయి, కడుపులో ఉన్నది పైకి తన్నితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. సాధారణంగా మంచినీళ్ల వంటి తేట ద్రవాలకు 2 గంటలు, తేలికపాటి ఆహారానికి 6 గంటలు, నూనె, కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనానికి 8 గంటల వ్యవధి పాటిస్తారు. మీ వైద్యులు ఇంతకంటే కఠినంగా చెబితే వారి మాటే పాటించండి. మధుమేహానికి, బరువు తగ్గడానికి వాడే సెమాగ్లుటైడ్ వంటి మందులు కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తాయి కనుక వాటిని వాడేవారు ముందే చెప్పాలి. నిద్రమాత్రలు, మద్యం అలవాటు కూడా దాచకూడదు. క్లారిథ్రోమైసిన్ (యాంటీబయాటిక్), ఇట్రాకొనజోల్ (ఫంగస్ మందు) వంటివి కాలేయంలో మిడాజోలం విచ్ఛిన్నం కావడాన్ని అడ్డుకోవడం వల్ల మగత అనుకున్నదానికంటే చాలాసేపు ఉంటుంది.

మోతాదు మించితే మిడాజోలానికి ఫ్లుమజెనిల్, ఫెంటనిల్‌కు నాలోక్సోన్ విరుగుడుగా ఉన్నాయి. అయితే ఫ్లుమజెనిల్ ప్రభావం ముందే తగ్గిపోయి మగత మళ్లీ కమ్ముకోవచ్చు కాబట్టి, విరుగుడు ఇచ్చినవారిని త్వరగా ఇంటికి పంపకూడదు.

తిరుగు ప్రశ్న (రాసినవారు: నిదానం)

అందరికీ కృతజ్ఞతలు. కదలలేని స్థితి రాదని తెలిశాక సగం బరువు దిగింది. మరో రెండు సందేహాలు ఉన్నాయి. నేను గట్టిగా గురక పెడతానని ఇంట్లో అంటారు, రక్తపోటుకు రోజూ ఉదయం మాత్ర వేసుకుంటాను. వీటివల్ల ఇబ్బంది ఉందా? తీయవలసింది ఒక్క పన్నే కదా, ముక్కుతో పీల్చే వాయువు సరిపోదా?

సమాధానం (రాసినవారు: నిత్య పాఠకుడు)

వాయువు గురించి నేను చెబుతాను, ఎందుకంటే నేను కోరుకున్నది అదే. అది నైట్రస్ ఆక్సైడ్. ఆక్సిజన్‌తో కలిపి ముక్కు మీద పెట్టిన తొడుగు ద్వారా ఇస్తారు. కొద్ది నిమిషాల్లోనే కాళ్లు చేతులు తేలికై, చిమచిమలాడినట్లు ఉంటుంది. పని అయ్యాక సుమారు 5 నిమిషాలు ఆక్సిజన్ మాత్రమే పీల్పిస్తారు, అంతలోనే తల తేటపడుతుంది. జరిగినదంతా నాకు గుర్తుంది, అయినా బాధగా గుర్తులేదు. పంటి వైద్యంతో ఈ వాయువుది పాత అనుబంధం: 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు దీనిని పీల్చి, తోటి దంతవైద్యుడి చేత తన పన్నునే తీయించుకుని చూశాడు. అయితే జలుబుతో ముక్కు మూసుకుపోయి ఉంటే ఇది పనిచేయదు. గర్భం తొలి నెలల్లో ఉన్నవారికి, విటమిన్ బి12 లోపం ఉన్నవారికి సాధారణంగా ఇవ్వరు. ఎముక తొలవవలసిన పంటికి, బాగా భయపడేవారికి ఇది చాలకపోవచ్చునని మా వైద్యులు ముందే చెప్పారు.

సమాధానం (రాసినవారు: మత్తువైద్యురాలు)

నిదానం గారూ, గురక మాట ఇక్కడ అడిగి మంచి పని చేశారు. నిద్రలో శ్వాస ఆగి ఆగి రావడం, పగలంతా నిద్రమత్తు, రక్తపోటు కలిసి ఉంటే స్లీప్ ఆప్నియా ఉందేమో చూడాలి. అలాంటివారికి మత్తులో నాలుక, గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకుపోయే అవకాశం ఎక్కువ. ఉన్నంత మాత్రాన సెడేషన్ పనికిరాదని కాదు. ఫెంటనిల్ వంటివి మానేసి తేలిక స్థాయికే పరిమితం చేయవచ్చు, లేదా మత్తువైద్యులు ఉన్న ఆసుపత్రిలో చేయించమనవచ్చు. రక్తపోటు మాత్రను చాలావరకు గుక్కెడు నీళ్లతో వేసుకోమనే చెబుతారు, కానీ కొన్ని రకాలను ఆ ఉదయం ఆపమంటారు కనుక మాత్ర పేరు చెప్పి అడగండి.

మగత కొన్ని గంటల్లో తగ్గినట్లు కనిపించినా 24 గంటలపాటు బండి నడపడం, ఒప్పంద పత్రాల మీద సంతకం చేయడం, చిన్నపిల్లల బాధ్యత ఒంటరిగా తీసుకోవడం కూడదు. పెదవి మొద్దు అంతకంటే ముందే, సుమారు 3 నుంచి 5 గంటల్లో వదులుతుంది. అది వదలక ముందే, మీ వైద్యులు చెప్పిన వేళకు మొదటి నొప్పి మాత్ర వేసుకోండి, మొద్దు వదిలేదాకా వేడి పదార్థాలు నోట్లో పెట్టుకోవద్దు.